విభజన నాటి తొందరపాటులో క్లెమెంట్ అట్లీ బాధ్యత ఎంత?

వేటపాలెం చదువరి:

1928లో సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా మద్రాసులో జరిగిన ప్రదర్శనలో తుపాకులకు రొమ్ము చూపిన టంగుటూరి ప్రకాశం పంతులు గారిని తెలుగువారు మరచిపోలేదు. అయితే ఆ కమిషన్‌లోని ఏడుగురు సభ్యుల్లో, తూర్పు లండన్‌లోని లైమ్‌హౌస్ నుంచి ఎన్నికైన లేబర్ పార్టీ ఎంపీ క్లెమెంట్ అట్లీ ఒకరన్న సంగతి మనలో చాలామందికి గుర్తుండదు. మనవాళ్లు నల్లజెండాలు చూపి వెనక్కి పొమ్మన్న బృందంలోని ఆ మనిషే, పందొమ్మిదేళ్ల తరవాత బ్రిటన్ ప్రధానమంత్రిగా అధికార బదిలీ జరిపించారు.

1947 ఫిబ్రవరి 20న బ్రిటిష్ పార్లమెంటు దిగువసభ అయిన కామన్స్ సభలో, అధికార బదిలీకి ఆయన ప్రకటించిన గడువు 1948 జూన్. అధికారం చేతులు మారింది మాత్రం 1947 ఆగస్టు 15న. ఈ పది నెలల కుదింపుకు ఆనాటి వైస్రాయి మౌంట్‌బాటెన్‌నే తప్పుపట్టడం మనకు అలవాటైపోయింది. వైస్రాయిని ఎంపిక చేసి, ఆయన కోరిన స్వేచ్ఛ ఇచ్చి, ఆయన ప్రణాళికను మంత్రిమండలిలో ఆమోదింపజేసిన ప్రధానికే ఆ బాధ్యతలో పెద్దవాటా చెందుతుందని నా అభిప్రాయం. సభ్యులు తమ వాదనలు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పాతపత్రిక:

మీతో ఏకీభవించలేకపోతున్నాను. తొందరపాటు అట్లీ స్వభావంలోనే లేదు. లండన్‌లో కలిగిన న్యాయవాది ఇంట 1883లో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1905లో స్టెప్నీ పేటలోని పేదపిల్లల సంఘాన్ని చూడబోయి, ఆ దారిద్ర్యం చూశాక ఏళ్ల తరబడి అక్కడే కాపురముండిపోయిన మనిషి ఆయన. మొదటి ప్రపంచయుద్ధంలో టర్కీలోని గాలిపోలీలో పోరాడారు, 1919లో స్టెప్నీ మేయరయ్యారు, 1935 నుంచి ఇరవై ఏళ్లు లేబర్ పార్టీని నడిపారు. సైమన్ కమిషన్ పని మీద రెండుసార్లు భారతదేశం వచ్చిన అనుభవంతో, ఆనాటి బ్రిటిష్ నాయకుల్లో మన వ్యవహారాలను దగ్గరగా ఎరిగిన కొద్దిమందిలో ఒకరయ్యారు.

ఇక 1947 నాటి బ్రిటన్ పరిస్థితిని చూడండి. 1945 ఎన్నికల్లో 393 స్థానాలు గెలిచిన ఆ ప్రభుత్వానికి అందిన ఖజానా అప్పులమయం. అమెరికా నుంచి 375 కోట్ల డాలర్ల రుణం తెచ్చుకుని గడుపుతున్న దేశంలో, ఆ ఏటి చలికాలం బొగ్గు చాలక కర్మాగారాలు మూతపడ్డాయి. పాలస్తీనా సమస్యను ఐక్యరాజ్యసమితికి అప్పగిస్తామని చెప్పడం, గ్రీసుకు ఇక సాయం చేయలేమని అమెరికాకు తెలపడం, భారతదేశానికి గడువు ప్రకటించడం దాదాపు ఒకే వారంలో జరిగాయి. 1946లో రాజీ కుదర్చడానికి వచ్చిన బ్రిటిష్ మంత్రుల బృందం, కేబినెట్ మిషన్, విఫలమైంది, ఆగస్టులో మతకల్లోలాలతో కలకత్తా రక్తసిక్తమైంది. తేదీ చెప్పకపోతే వీళ్లు నిజంగా వెళ్తారని కాంగ్రెస్ నమ్మేది కాదు, ముస్లిం లీగ్ కూడా నమ్మేది కాదు. ప్రతిపక్షం నుంచి చర్చిల్ తీవ్రంగా ఎదిరించినా ఆ మాటకు కట్టుబడి నిలవడాన్ని నేను ధైర్యమనే అంటాను.

లంకగ్రామం:

ఇద్దరూ 1942ను వదిలేశారు. క్విట్ ఇండియా తీర్మానం కాగానే కాంగ్రెస్ నాయకులందరినీ చెరసాలకు పంపినప్పుడు అట్లీ బ్రిటన్ ఉపప్రధాని, యుద్ధ మంత్రిమండలి సభ్యుడు. మరుసటి ఏడు బెంగాల్ కరవులో లక్షల మంది మరణించినప్పుడూ అదే పదవిలో ఉన్నారు. కాంగ్రెస్ నాయకత్వం దాదాపు మూడేళ్లు జైల్లో ఉన్న కాలంలోనే ముస్లిం లీగ్ బలపడింది కాబట్టి, ఆయన లెక్కను 1947 నుంచి మొదలుపెట్టడం సరికాదు.

వేటపాలెం చదువరి:

లంకగ్రామం గారు చెప్పినది ముఖ్యమైన విషయం, ఒప్పుకుంటున్నాను. పాతపత్రిక గారూ, గడువు పెట్టడాన్ని నేను తప్పుపట్టలేదు, పెట్టిన గడువును పది నెలలు ముందుకు లాగనివ్వడమే నాకు అభ్యంతరం. స్వాతంత్ర్య బిల్లు జులై 4న పార్లమెంటు ముందుకు వచ్చి, 18వ తేదీకి చట్టమైంది. అంతకుముందెన్నడూ భారతదేశంలో అడుగుపెట్టని బ్రిటిష్ న్యాయవాది సిరిల్ రాడ్‌క్లిఫ్ జులై 8న దిగి, పంజాబ్, బెంగాల్ రెండింటికీ ఐదు వారాల్లో సరిహద్దు గీయవలసి వచ్చింది. ఒక గ్రామంలో రెండు కుటుంబాల మధ్య పొలం గట్టు తగవు తీర్చడానికే మన దగ్గర ఏళ్లు పడుతుంది!

పైగా ఆ గీతను ఆగస్టు 17 దాకా బయటపెట్టలేదు. ముర్షిదాబాద్‌లో పాకిస్తాన్ జెండా, ఖుల్నాలో భారత జెండా ఎగరేసుకున్న జనానికి, తాము పండుగ చేసుకున్న దేశం తమది కాదని అప్పుడు తెలిసింది. పంజాబ్ కోసం ఏర్పాటు చేసిన సరిహద్దు దళం ఆ మంటను ఆపలేక సెప్టెంబరు మొదటికే రద్దయింది. కోటి మందికి పైగా ఇల్లూ వాకిలీ వదిలిన ఈ ఘోరంలో, శాంతిభద్రతల ఏర్పాట్లు చాలినంతగా ఉన్నాయా అని అడగవలసిన మొదటి వ్యక్తి లండన్‌లోని ప్రధాని. బొగ్గు కొరత, అప్పుల భారం ఆయన ఎందుకు వెళ్లిపోదలచారో చెబుతాయి. గీత తెలియకుండా జెండా ఎగరేయించడానికి మాత్రం అవి సమాధానం కావు.

పాతపత్రిక:

సరిహద్దు ప్రకటనను ఆపడం విషయంలో మీ మాట కాదనలేను. వేడుకల ముందు కలవరం రాకూడదని మౌంట్‌బాటెన్ భావించినా, రెండు రోజుల ముందే ప్రకటించమని అట్లీ ఆదేశించి ఉండవలసింది. అయితే 1948 జూన్ దాకా ఆగితే హత్యాకాండ తగ్గేదన్న మాటను నేను ఇంకా అంగీకరించను. ఆగస్టు 15 తేదీ వెలువడకముందే, 1947 మార్చిలో రావల్పిండి పల్లెల్లో వేలమంది చనిపోయారు. అప్పటికే పోలీసులు, దిగువ స్థాయి అధికారులు మతాలవారీగా చీలిపోయారు, బ్రిటిష్ సైనికులు ఇంటిదారి పడుతున్నారు. ఫిబ్రవరి ప్రకటన నుంచి 1948 జూన్ దాకా పదహారు నెలలూ పంజాబ్‌ను ఏ బలంతో అదుపులో ఉంచగలిగేవారో మీరు చెప్పగలిగితే, అట్లీ మీద మీరు మోపిన మిగతా బాధ్యతను కూడా నేను ఒప్పుకుంటాను.