అప్‌డేట్: వేగంగా కదిలే గ్రహశకలాల కొలతల్లో తేడా, కారణం దొరికింది

మధురవాడలో మా డాబా మీది 16 అంగుళాల రోబోటిక్ టెలిస్కోప్ గురించి పోయిన నెల అడిగింది నేనే. మెయిన్ బెల్ట్ (అంగారకుడికీ గురుడికీ మధ్య తిరిగే) గ్రహశకలాల స్థానం కొలతలు చక్కగా వస్తున్నాయి, భూమికి దగ్గరగా వచ్చేవి మాత్రం ఉండాల్సిన చోటుకి 5 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు కోణం) అటూ ఇటూ పడుతున్నాయని. జవాబులిచ్చిన అందరికీ చాలా థాంక్స్ అండీ.

తేడా ఏ దిక్కులో ఉందో చూడండి, అది కదిలే దారి వెంబడే ఉంటే గడియారాన్ని అనుమానించండి అని ఒకరు రాశారు కదా, సరిగ్గా అదే. కంప్యూటర్ టైమ్ 3 సెకన్లు వెనకబడింది. నిమిషానికి 100 ఆర్క్ సెకన్లు పరిగెత్తే రాయి ఆ 3 సెకన్లలో 5 ఆర్క్ సెకన్లు జరిగిపోతుంది, మెయిన్ బెల్ట్‌లోది నిమిషానికి సుమారు అర ఆర్క్ సెకనే కదులుతుంది కాబట్టి అందులో తప్పు కనపడనే లేదు.

కంప్యూటర్‌కి సరైన టైమ్ అందించే జీపీఎస్ రిసీవర్ ఉండగా టైమ్ ఎలా తప్పిందా అని తెలిసిన ఎలక్ట్రానిక్స్ మెకానిక్‌ని పిలిస్తే, ఆయన ఆ రిసీవర్ కేబుల్ ఊడదీసి చూపించారు: పిన్నుల మీద ఆకుపచ్చగా చిలుము. అంతా సముద్రపు ఉప్పుగాలి పని. కేబుల్ మార్చి, కనెక్టర్‌కి రబ్బరు తొడుగు వేశాం, ఇంటర్నెట్ టైమ్‌తో కూడా రోజూ సరిచూస్తున్నాం.

అద్దాల అలైన్‌మెంట్, పోలార్ అలైన్‌మెంట్‌కి (టెలిస్కోప్ ఇరుసుని ఆకాశ ధ్రువం వైపు సరిచేయడం) దీంతో సంబంధం లేదు, నా రెండు రాత్రులు వాటికే పోయాయి. మౌంట్ (టెలిస్కోప్‌ని మోస్తూ తిప్పే స్టాండ్) మార్చక్కర్లేదు. మైనర్ ప్లానెట్ సెంటర్‌కి (ప్రపంచమంతటి నుంచి గ్రహశకలాల కొలతలు సేకరించే సంస్థ) పంపే టైమ్ ఫొటో ఎక్స్‌పోజర్ మొదలైనప్పటిది కాదు, దాని మధ్యలోది అయ్యుండాలి. మాది సరిగ్గానే ఉంది, మీరూ చూసుకోండి. నిన్న రాత్రి ఫొటోల్లో తేడా అర ఆర్క్ సెకను లోపే!