పాత పేపర్లు నావేనని డేటాబేస్‌కు ఎలా నిరూపించాలి?

బరంపురం నుంచి రాస్తున్నాను, ఇమ్యునాలజీ, సెల్ బయాలజీ నా రంగం. 2009–2014 మధ్య మాక్రోఫేజ్‌ల మీద వచ్చిన పేపర్లలో నా పేరు మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, 'రావు' చివర వచ్చేలా అచ్చయింది. చివరి మాటనే ఇంటిపేరుగా తీసుకోవడంతో పబ్‌మెడ్‌లో (వైద్య, జీవశాస్త్ర పేపర్ల ఆన్‌లైన్ సూచీ) నేను 'రావు', పక్కన రెండు పొడి అక్షరాలు. అలాంటి రావులు ఎంతమందో! 2015 నుంచి వచ్చిన టీ-సెల్ పేపర్లు మాత్రం అసలు ఇంటిపేరుతోనే ఉన్నాయి. ఇక్కడి ఒడియా సహోద్యోగులకు ఈ తలనొప్పే లేదు, వాళ్ల ఇంటిపేరు ఎలాగూ చివరే ఉంటుంది.

ఆర్కిడ్ ఐడీలో (పరిశోధకులకిచ్చే గుర్తింపు సంఖ్య) పేరు రెండు రూపాలూ పెట్టి, పాత పేపర్లను డీఓఐతో, అంటే ఒక్కో పేపర్‌కుండే శాశ్వత సంఖ్యతో చేర్చాను. గూగుల్ స్కాలర్‌లో చేత్తో కలిపాను, అక్కడ ఇబ్బంది లేదు. పబ్‌మెడ్ రికార్డులో పేరు మారాలంటే ప్రచురణకర్త దిద్దాలి కాబట్టి పత్రికలకు రాశాను, ఇంకా జవాబు లేదు.

అసలు చిక్కు మా ప్రమోషన్ కమిటీ చూసే సైటేషన్ డేటాబేస్‌తో (ఏ పేపర్‌ను ఎందరు ఉదహరించారో లెక్కించేది). అందులో నాకు రెండు ప్రొఫైళ్లు, ఆ లెక్కల మీద వచ్చే హెచ్-ఇండెక్స్ స్కోరు కూడా చీలిపోయింది. కలపమంటే పేపర్ మీదున్న ఈమెయిల్ నుంచి రాయమన్నారు. ఆ మెయిల్ పీహెచ్‌డీ చేసిన సంస్థది, ఆ ఖాతా ఎప్పుడో మూసేశారు. గైడ్ రిటైరయ్యారు. ఆర్కిడ్ లింకు, పీహెచ్‌డీ పట్టా పంపినా చాలవన్నారు. ఫైలు ఈ నెలాఖరుకే ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

పాత మెయిల్ లేకుండా ప్రొఫైళ్లు కలిపించుకున్నవాళ్లు ఉంటే చెప్పండి, మీరు ఏ ఆధారం చూపిస్తే ఒప్పుకున్నారు?