ఫ్లోరోసిస్ ఎముకల జబ్బు కదా, కాళ్లు ఎందుకు పడిపోతాయి?

ప్రశ్న (మర్రిగూడ): మా పెద్దనాయన ఏళ్ల తరబడి ఫ్లోరైడు ఎక్కువున్న బోరునీళ్లే తాగి ఫ్లోరోసిస్ బారిన పడ్డారు. ఇప్పుడు చేతులు బాగానే పనిచేస్తున్నా, కాళ్లు కర్రల్లా బిగుసుకుపోయి అడుగు పడటం లేదు. ఎముకల జబ్బు నరాలను ఎలా దెబ్బతీస్తుంది?

జవాబు (నల్లగొండ): ఫ్లోరైడు వల్ల వెన్నుపూసలు, వాటిని పట్టి ఉంచే లిగమెంట్లు మందమైతే లోపలి కాలువ ఇరుకై వెన్నుపాము నలుగుతుందండి. చేతుల నరాలు మెడ దగ్గరే బయటపడతాయి. కాళ్లను నడిపే సంకేతాలను మోసే నాడీకణాల పొడవాటి తంతువులు మాత్రం నడుము పైభాగం దాకా దిగాలి కనుక, ఛాతీ దగ్గర ఒత్తిడి పడితే కాళ్లే దెబ్బతింటాయి.

జవాబు (దేవరకొండ): బిగుసుకోవడానికీ మూలం ఆ ఒత్తిడే. మోకాలి కింద తడితే కాలు ఎగరడానికి వెన్నుపాము చాలు, మెదడు అక్కర్లేదు. వెన్నుపాము నలిగి మెదడు నుంచి వచ్చే అదుపు తగ్గితే ఆ చర్య మితిమీరి కండరం సడలదు.

ప్రశ్న అడిగినవారు: మెడకు కూడా ఎమ్మారై తీయించాలా?

జవాబు (నల్లగొండ): డాక్టరు గారిని అడగండి, మెడలోనూ ఇరుకవుతుంది. మూత్రం అదుపు తప్పితే మాత్రం ఆలస్యం చేయవద్దు.