పుల్‌ట్యాబ్ డబ్బు ఏ ఊరిది? మిన్నెసోటా సిటీల షరతులపై చర్చ

శ్రీను_ఎంఎన్:
మా సిటీ కౌన్సిల్ కొత్త ఆర్డినెన్స్ పెడుతోంది. బార్లలో పుల్‌ట్యాబ్‌లు (అట్ట కిటికీలు చించి బహుమతి తగిలిందో లేదో చూసుకునే జూదం టికెట్లు) నడిపే సంఘాలు సేవా కార్యక్రమాల ఖర్చంతా సిటీ గీసిన ట్రేడ్ ఏరియాలోనే పెట్టాలట. నికర లాభంలో 10 శాతం సిటీ చూసుకునే నిధికి కట్టాలట. మన తెలుగు సంఘం ఈ ఆటల లైసెన్స్‌కి వెళ్దామనుకుంటున్న సమయంలో వచ్చిందిది. సిటీకి ఇంత పెత్తనం ఉండాలా? నేనైతే వద్దంటాను.

వాసు_లెక్కలు:
శ్రీను గారూ, చట్టం ఇంతకంటే పెద్ద అధికారమే ఇచ్చింది. మిన్నెసోటా చట్టం సెక్షన్ 349.213 ప్రకారం సిటీ కావాలంటే ఊళ్ళో ఈ ఆటల్నే నిషేధించొచ్చు. కౌన్సిల్ తీర్మానం జత చెయ్యకపోతే రాష్ట్ర గ్యాంబ్లింగ్ కంట్రోల్ బోర్డు ఆ బార్‌లో ఆట నడపడానికి సంఘానికి పర్మిట్ ఇవ్వదు. తీర్మానం కూడా దరఖాస్తుకి ముందు 90 రోజుల్లోపుది అయ్యుండాలి.

ఇక 10 శాతం. ఎంతో లెక్కేసి చూడండి. బార్‌లో వంద డాలర్ల కాగితం పుల్‌ట్యాబ్‌లు అమ్ముడుపోయాయి, 80 బహుమతులకి పోయాయి అనుకుందాం (85 దాటకూడదు). మిగిలింది 20. టికెట్లు బార్‌వాళ్ళే అమ్మితే అద్దె కింద అందులో 20 శాతం దాకా, అంటే 4 డాలర్లు తీసుకోవచ్చు. ఏడాదికి బహుమతులు పోను మిగిలింది 157,500 డాలర్లు దాటితే, ఆ పై భాగానికి రాష్ట్ర పన్ను 33.5 శాతం. అంటే 6.70. ఇక చేతిలో ఉన్నది 9.30. టికెట్ల పెట్టెల ఖరీదు, మేనేజర్ జీతం, లెక్కలు రాసేవాళ్ళకిచ్చేది ఇందులోంచే పోవాలి. అవన్నీ పోయాక మిగిలినదాంట్లో పదోవంతే సిటీ అడుగుతోంది. వందకి 93 సెంట్లు కూడా దాటదు. పైగా ఆ నిధి సేవాపనులకో, పోలీసు, ఫైర్ సామగ్రికో వాడాలి. పెన్షన్లకి వాడకూడదని చట్టంలోనే ఉంది.

మాధవి_వుడ్‌బరీ:
వాసు గారూ, 10 శాతం గొడవే లేదు, తీసుకోమనండి. నా అభ్యంతరం ట్రేడ్ ఏరియా మీద. ఆ ఊరు, దాన్ని ఆనుకున్న ఊళ్ళు అందులో ఉండి తీరాలని చట్టం. కౌన్సిల్ అంతటితో ఆగిపోవచ్చు. మన సభ్యులు ఒక్క ఊళ్ళో ఉన్నారా? ట్విన్ సిటీస్ (మినియాపొలిస్, సెయింట్ పాల్) చుట్టూ చెల్లాచెదురుగా ఉన్నారు. తెలుగు బడి ఒక చోట, సీనియర్ల కార్యక్రమం ఇంకో చోట. ఒక బార్‌లో వచ్చిన డబ్బు నలభై మైళ్ళ అవతల పిల్లల స్కాలర్‌షిప్‌కి ఇవ్వడానికి వీల్లేదు. ఊళ్ళోనే సొంత ఐస్ రింకు ఉండి పుల్‌ట్యాబ్‌లు నడిపే హాకీ క్లబ్బుకి ఈ షరతు ఇబ్బందే కాదు. మనలాంటివాళ్ళకి గుమ్మంలోనే అడ్డం.

కోనసీమ_అబ్బాయి:
ఉగాదికి మనం అమ్మే లక్కీ డ్రా టికెట్లకి కూడా ఇవన్నీ వర్తిస్తాయా?

గిరి:
లేదండీ, అది వేరే దారి. ఏడాదిలో లక్కీ డ్రా బహుమతుల విలువ మొత్తం 1,500 డాలర్ల లోపైతే బోర్డు పర్మిట్ అక్కర్లేదు. దాటితే బోర్డు పర్మిట్ కోసం ఎల్‌జీ220 అనే ఫారం పెట్టాలి. ఏడాదికి ఐదు రోజుల వరకు, బహుమతుల విలువ 50,000 లోపు. దాత ఉచితంగా ఇచ్చిన టీవీకైనా బజారు ధర వేసి కలపాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు. ఫీజు 30 రోజుల ముందు పంపితే 100, తర్వాతైతే 150. లాభాపేక్ష లేని సంస్థ అని రుజువుగా సేల్స్ టాక్స్ మినహాయింపు కాగితం పెడితే చెల్లదు. ఐఆర్‌ఎస్ (కేంద్ర పన్నుల శాఖ) ఇచ్చిన పన్ను మినహాయింపు ఉత్తరమో, సెక్రటరీ ఆఫ్ స్టేట్ సర్టిఫికెట్టో కావాలి. దీనికీ సిటీ క్లర్కు సంతకం ఉండాలి. ఫారంలో 30 రోజుల నిరీక్షణ అన్న గడిలో క్లర్కు టిక్ పెడితే అన్నాళ్ళూ పర్మిట్ కోసం ఆగాల్సిందే. మినియాపొలిస్, సెయింట్ పాల్ లాంటి పెద్ద సిటీల్లో 60 రోజులు. హాలు బుక్ చేసిన రోజే ఈ ఫారం మొదలుపెట్టండి.

వాసు_లెక్కలు:
మాధవి గారూ, ఆ టికెట్ కొన్నది ఎవరు? ఆ ఊరివాళ్ళు. వాళ్ళు పోగొట్టుకున్న డబ్బు వాళ్ళ ఊళ్ళో ఖర్చుపెట్టమంటే అన్యాయమెలా అవుతుంది?

మాధవి_వుడ్‌బరీ:
అంటే మనం ఆ ఊరివాళ్ళం కామా? అక్కడ ఇల్లు కొని, ఆస్తి పన్ను కట్టి, పిల్లల్ని అక్కడి బడికే పంపుతున్న తెలుగువాళ్ళు పరాయివాళ్ళా? కౌన్సిల్ ఆ మాట అంటే అర్థం చేసుకుంటాను. మీరు అనకండి.

శ్రీను_ఎంఎన్:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

వాసు_లెక్కలు:
పరాయివాళ్ళని నేను అనలేదు. సరే, మనసులో ఉన్నది చెప్తాను. సిటీ షరతు కాదు నా బాధ. మన సంఘం ఈ లైసెన్స్ తీసుకోవడమే నాకిష్టం లేదు. ఏ బార్‌లోనైనా ఒక సాయంత్రం కూర్చుని చూడండి. ఒకే మనిషి ఇరవై డాలర్ల నోటిచ్చి గుప్పెడు టికెట్లు తీసుకుంటాడు. అట్ట కిటికీలు గోటితో ఒక్కొక్కటే చించుతాడు, మళ్ళీ ఇరవై తీస్తాడు. మూసే వేళకి కౌంటర్ కింద చెత్తబుట్ట నిండిపోతుంది. ఆ డబ్బుతో మన పిల్లలకి అక్షరాలు నేర్పించడం నాకు నచ్చదు.

మాధవి_వుడ్‌బరీ:
ఈ మాట మొదటి పోస్టులోనే రాయాల్సింది. అయినా ఆ మనిషి మనం లేకపోతే మానేస్తాడా? అదే కౌంటర్ మీద ఇంకో సంఘం పెట్టె ఉంటుంది. హాకీ క్లబ్బులూ, మాజీ సైనికుల సంఘాలూ తీసుకుంటే సేవ, మనం తీసుకుంటే పాపమా?

గిరి:
పాపపుణ్యాలు అటుంచితే, లైసెన్స్‌కి మూడేళ్ళ సంస్థ కావాలి, 15 మంది చురుకైన సభ్యులు కావాలి. 10,000 డాలర్ల బాండుతో గ్యాంబ్లింగ్ మేనేజర్ ఉండాలి. ప్రతి టికెట్ పెట్టెకీ విడిగా లెక్క. ఆ పని నెత్తిన వేసుకునేది ఎవరో ముందు తేల్చండి.

మాధవి_వుడ్‌బరీ:
మేనేజర్‌ని వెతుకుతాం. ముందు ట్రేడ్ ఏరియాని కౌంటీ అంతటికీ పెంచమని కౌన్సిల్‌కి ఉత్తరం రాస్తున్నాను. సంతకం పెట్టేవాళ్ళు చెప్పండి.

వాసు_లెక్కలు:
ఆ ఉత్తరానికి పెడతాను, ఆ షరతు మరీ ఇరుకుగానే ఉంది. లైసెన్స్ దరఖాస్తు సంఘం సమావేశానికి వస్తే మాత్రం వద్దనే ఓటేస్తాను.