అప్‌డేట్: నాన్నగారి తెల్లవారుజాము తికమక, అసలు కారణం దొరికింది

తెనాలిలో ఒంటరిగా ఉంటున్న 78 ఏళ్ల మా నాన్నగారు తెల్లవారుజామున చెమటలు పట్టి, తికమకగా మాట్లాడుతున్నారని మూడు నెలల క్రితం ఇక్కడే మిమ్మల్ని అడిగాను. మతిమరుపు జబ్బేమోనని నా టెన్షన్. కాదండీ, షుగర్ పడిపోతోంది.

ఆ టైమ్‌లోనే గ్లూకోమీటర్‌తో చూడమని మీలో ఒకరు చెప్పారు. చూస్తే 54! 70 కంటే దిగితేనే తక్కువని లెక్క. అమ్మ పోయాక ఆయన రాత్రిళ్లు రెండు ఇడ్లీలతో సరిపెట్టేస్తున్నారు. షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర మాత్రం ఠంచనుగా వేసుకుంటున్నారు. తిన్నా తినకపోయినా అది షుగర్‌ను దించే ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుందట. పైగా కిడ్నీల పనితీరు కాస్త తగ్గింది, మందు ఒంట్లోనే ఎక్కువసేపు ఉండిపోతోంది.

డాక్టరుగారు ఆ మాత్ర తీసేసి వేరేది రాశారు. ఈయన పరిస్థితికి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 8 లోపు ఉంటే చాలన్నారు. నేనేమో 6.5కి రావాలని రోజూ ఫోన్‌లో సతాయించేదాన్ని. నాకు భయపడి మామిడిపండు ముక్క కూడా దొంగచాటుగా తినేవారట, పక్కింటి పిన్నిగారు చెప్పారు. సిగ్గేసింది.

ఇప్పుడు మంచం పక్కన గ్లూకోజ్ పొడి డబ్బా ఉంటోంది. షుగర్ పడితే మూడు చెంచాలు నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. ఇంతవరకు ఒక్కసారే అవసరమైంది. సాయంత్రాలు మళ్లీ లైబ్రరీకి వెళ్తున్నారు. అరికాళ్ల తిమ్మిర్లు మాత్రం అలాగే ఉన్నాయి, వచ్చే నెల చూపించాలి.