అప్‌డేట్: ప్రెస్ వాళ్లు తిప్పి పంపిన నా బొమ్మల పుస్తకం అచ్చయింది

గోదావరి పడవ గురించి నేనే రాసి బొమ్మలు వేసుకున్న 22 పేజీల పిల్లల పుస్తకాన్ని ప్రెస్ వాళ్లు రెండుసార్లు తిప్పి పంపారని, ఒక పబ్లిషింగ్ కంపెనీ ఐఎస్‌బీఎన్‌కే (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు) విడిగా డబ్బు కట్టమంటోందని ఇక్కడ అడిగాను కదా. పుస్తకం మొన్న చేతికొచ్చింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది మాత్రం, అమలాపురం వైపు కొత్తవాళ్ల పుస్తకాలు చూసిపెట్టే ఒక రచయిత ఉన్నారు, బొమ్మలు కూడా వేస్తారు, వెళ్లి కలవండి అన్న మాట. వెళ్లాను. ఆ మాస్టారు అరుగు మీదే కూర్చుని, స్కేలు తెచ్చి, తెరచాప సరిగ్గా పేజీ అంచు దగ్గర ఆగిపోయింది చూడమ్మా, కటింగ్‌లో కాస్త జరిగితే తెల్లగీత పడుతుంది అన్నారు. బొమ్మ అంచు దాటి 3 మిల్లీమీటర్లు బయటికి సాగాలట. రంగులేమో ఆర్‌జీబీలో (కంప్యూటర్ తెరకి వాడే రంగుల పద్ధతి) ఉన్నాయి, అందుకే ప్రూఫులో (నమూనా అచ్చులో) వరిచేను పాచిపట్టిన చెరువులా వచ్చింది. సీఎంవైకేలోకి (అచ్చు సిరాలకి వాడే రంగుల పద్ధతి) మార్చి పచ్చ మళ్లీ సరిచేసుకున్నాను (నాలుగు రాత్రులు!). మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగుతో భాగించేలా ఉండాలి కాబట్టి 24 చేశాం, మిగిలిన రెండింట్లో పులస ఈదుతోంది.

ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఆ నంబర్లిచ్చే ప్రభుత్వ సంస్థ రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ సైట్‌లో నేనే అప్లై చేశాను, పైసా ఖర్చు లేదు. ఆ కంపెనీకి ఓ దణ్ణం.

ఇక్కడ కొందరు చెప్పిన ఫాంట్ మార్చడం, ఖరీదైన ఆర్ట్ పేపర్ వాడటం, వీటితో నా సమస్యకి సంబంధమే లేదు. మాస్టారు ఫీజు తీసుకోలేదు, పైగా రెండు బొండాలు కొట్టించి ఇచ్చారు.