కుర్చీలో కునుకు పడితే టీఎంఎస్ వృథా అవుతుందా?

కావలి అక్క:

ఏడాదిగా మందులు వాడినా మా తమ్ముడి డిప్రెషన్‌ తగ్గుముఖం పట్టకపోవడంతో, నెల్లూరులోని ఒక ఆసుపత్రిలో టీఎంఎస్ మొదలుపెట్టించాము. తల మీద కాయిల్ ఆనించి అయస్కాంత శక్తితో మెదడును ప్రేరేపించే చికిత్స ఇది. ముప్పై సిట్టింగులు చెప్పారు, పదకొండు అయ్యాయి. వాడికి అల్లూరు వైపు రొయ్యల గుంటలున్నాయి. రాత్రి కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోతాయని, తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుందని గట్టు మీద షెడ్డులోనే కాపలా పడుకుంటాడు. పొద్దున్నే బస్సెక్కి వచ్చి ఆ కుర్చీలో వెనక్కి వాలగానే, కాయిల్ టకటకమంటున్నా సరే, కునుకు పట్టేస్తుంది, తల పక్కకు ఒరిగిపోతుంది.

నిన్న అక్కడి టెక్నీషియన్ విసుక్కుని, ఇట్లా నిద్రపోతే మేమిచ్చేదంతా వృథా అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వాడు అడిగిన దానికి నా దగ్గర జవాబు లేదు. "ఏందక్కా, నేను మేలుకోనుండానో నిద్రపోతుండానో ఆ అయస్కాంతానికి ఎట్ల తెలుస్తాది?"

ఇంకొక సందేహం. మొదటి రోజు బొటనవేలు అదిరేదాకా కాయిల్ శక్తిని పెంచుకుంటూ పోయి, యంత్రంలో ఒక అంకె దగ్గర ఆపారు. ఈ వారం మళ్ళీ చూస్తే ఆ అంకె మారింది. యంత్రంలో లోపమా, మా వాడిలో మార్పా? ఆ కాసేపూ వాడు ఏదైనా మంచి విషయం తలుచుకుంటూ ఉండాలా? తెలిసినవారు చెప్పగలరు.

ఒంగోలు మాస్టారు:

నేను డాక్టరును కాను. డిగ్రీ కళాశాలలో ఫిజియాలజీ చెప్పి రిటైరైనవాడిని, కనుక చికిత్స మార్పుల జోలికి పోకుండా మీ తమ్ముడి ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతాను. అది చాలా మంచి ప్రశ్న.

అయస్కాంతానికి ఏమీ తెలియదు. కాయిల్‌లో సెకనులో వెయ్యో వంతు కూడా ఉండని కాలం పాటు పెద్ద కరెంటు పారుతుంది, దాదాపు 1.5 నుంచి 2 టెస్లాల అయస్కాంత క్షేత్రం పుట్టి అంతలోనే పడిపోతుంది, ఆ మార్పు వల్ల పుర్రె కింద రెండు మూడు సెంటీమీటర్ల లోతులోపు మెదడు పొరలో చిన్న విద్యుత్ ప్రవాహం కలుగుతుంది. ఫారడే 1831లో కనుగొన్న సూత్రమే ఇది. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో బార్కర్ బృందం దీనితోనే మనిషి చేతిని, నొప్పి లేకుండా, మెదడు మీద నుంచి కదిలించి చూపింది. అయితే ఆ ప్రవాహం పడే చోట నాడీకణాలు ఊరికే కూర్చుని ఉండవు. కొన్ని ఇప్పుడో ఇంకాసేపటికో స్పందించేటంత దగ్గరలో ఉంటాయి, కొన్నింటిని పక్క కణాలు అణచి పట్టి ఉంచుతాయి. ఒకే అగ్గిపుల్ల ఎండిన తాటాకు మీద పడటానికీ, వానకు తడిసిన తాటాకు మీద పడటానికీ ఉన్నంత తేడా అక్కడ ఉంటుంది.

బొటనవేలి పరీక్షలోనే దీన్ని కళ్ళారా చూడవచ్చు. పది పల్సులు, అంటే కాయిల్ కొట్టే పది దెబ్బలు, ఇస్తే కనీసం ఐదింటికి కండరంలో 50 మైక్రోవోల్టుల స్పందన వచ్చే అతి తక్కువ స్థాయిని మోటార్ థ్రెషోల్డ్ అంటారు. చాలా ఆసుపత్రుల్లో మీటరు లేకుండా వేలు అదరడాన్ని బట్టే దీన్ని తేలుస్తారు. చేతిని వదులుగా ఒళ్ళో పెట్టుకున్నప్పుడు ఒక అంకె వస్తే, భయంతో కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని ఉన్నప్పుడు అంతకంటే తక్కువ అంకెకే వేలు ఎగురుతుంది, ఎందుకంటే ఆ వేలిని నడిపే కణాలు అప్పటికే పనిలో ఉన్నాయి. చికిత్స మోతాదును ఈ అంకెను బట్టే, మామూలుగా దానికి 120 శాతంగా, నిర్ణయిస్తారు కాబట్టి బిగించిన చేతితో కొలిస్తే మోతాదు తక్కువ పడే ప్రమాదం ఉంది. మూర్ఛకు వాడే కొన్ని మందులు, ఉదాహరణకు కార్బమజెపైన్, ఈ అంకెను పెంచుతాయి. అందుచేత అంకె మారగానే యంత్రాన్ని అనుమానించనక్కరలేదు. ఆ రోజు చెయ్యి ఎలా ఉంది, నిద్ర ఎంత, మధ్యలో మందులేమైనా మారాయా అని ముందు చూడాలి.

చెయ్యి కదలకపోయినా, కదిలిస్తున్నట్టు మనసులో ఊహించుకుంటే చాలు, స్పందన పెద్దదవుతుంది. ఎదుటివాడు వస్తువును పట్టుకోవడం చూస్తున్నా చూసేవాడి చేతి కండరాల్లో స్పందన పెరుగుతుందని 1995లో ఇటలీ పరిశోధకులు చూపారు. నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది 2007 నాటి ప్రయోగం. ఒక రంగును చాలాసేపు చూపించి, తల వెనుక దృష్టికి సంబంధించిన భాగం మీద పల్సు ఇస్తే, కళ్ళ ముందు మెరిసే వెలుగు కూడా ఆ రంగులోనే కనిపించింది.

ఇక నిద్ర. మస్సిమిని అనే పరిశోధకుడి బృందం 2005లో ఇదే పల్సును మేలుకున్నవారికీ గాఢనిద్రలో ఉన్నవారికీ ఇచ్చి, మెదడులోని విద్యుత్ మార్పులను నమోదు చేసే ఈఈజీతో గమనించింది. మేలుకున్న మెదడులో స్పందన మొదలైన చోటి నుంచి దానితో కలిసి పనిచేసే దూరపు భాగాలకు పాకింది. నిద్రలో మొదటి స్పందన ఇంకా బలంగానే వచ్చినా, పుట్టిన చోటే ఆగిపోయింది. డిప్రెషన్ చికిత్సలో నుదుటికి పైన ఎడమవైపు ఇచ్చే ప్రేరణ లోపలి భావోద్వేగ వలయాల దాకా చేరాలన్నదే ఆశ కాబట్టి, టెక్నీషియన్ చెప్పినదాంట్లో విషయం ఉంది. చెప్పిన తీరు మాత్రం నాకు నచ్చలేదు. కుర్చీలో పట్టే కునుకు గాఢనిద్ర కాదు, అంతా వృథా అనడం అతిశయోక్తి. పైగా తల ఒరిగితే కాయిల్ అసలు చోటు నుంచి జరిగిపోతుంది, ఆ మామూలు కారణం ఒక్కటి చెప్పినా మీ తమ్ముడు అర్థం చేసుకునేవాడు.

కందుకూరు వాసి:

నాకు ఓసీడీ, అంటే అక్కరలేని ఆలోచనలు పీడించి, చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయించే జబ్బు. చెన్నైలో ఇదే చికిత్స, కాస్త లోతుగా చేరే కాయిల్‌తో చేయించుకున్నాను. ప్రతి సిట్టింగుకు ముందు నన్ను కావాలనే ఇబ్బంది పెట్టేవారు. నా చెప్పు అడుగును నా చేతనే ముట్టించి, చేతులు కడుక్కోనివ్వకుండా, ఆ కంపరం బాగా రేగిన తర్వాతే యంత్రం వేసేవారు. మొదటి రోజు నాకు ఏడుపు వచ్చినంత పనైంది. ఏ వలయాన్ని సరిచేయాలో అది నిద్రలేచి ఉన్నప్పుడే దెబ్బ పడాలని డాక్టరుగారు వివరించారు. 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఓసీడీకి అనుమతించిన పద్ధతిలో కూడా ఈ రెచ్చగొట్టడం భాగమే. కాబట్టి అక్కా, పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం కాదు. నన్ను కంగారు పెట్టారు కదా అని మీ తమ్ముడిని కంగారు పెట్టకండి.

కావలి అక్క:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, చెయ్యి సంగతి మీరు చెప్పాక గుర్తుకొచ్చింది, మొదటి రోజు వాడు కుర్చీని పట్టుకునే ఉన్నాడు. మంచి ఆలోచనల సంగతి మాత్రం మిగిలిపోయింది.

ఒంగోలు మాస్టారు:

బలవంతాన సంతోషాన్ని తలుచుకొమ్మని చెప్పకండమ్మా. డిప్రెషన్‌లో ఉన్నవాడికి అది మరో పరీక్ష అవుతుంది, రేపు గుణం తక్కువగా కనిపిస్తే నేను సరిగ్గా తలుచుకోలేదు కాబోలు అని తననే నిందించుకుంటాడు. మీరు పక్కన కూర్చుని గుంటల సంగతో, రొయ్య కౌంటు సంగతో మాట్లాడించండి, మెలకువ దానంతటదే ఉంటుంది.

దీనికంటే ముఖ్యమైన మాట ఒకటి ఉంది. నిద్ర చాలని మెదడు అతిగా స్పందించే అవకాశం ఉంది, ఈ చికిత్సలో చాలా అరుదుగా వచ్చే ఫిట్స్‌కు నిద్రలేమి, మద్యం రెండూ దోహదం చేస్తాయి. రాత్రంతా గట్టు మీద ఉన్న రోజున ఆ సంగతి కాయిల్ పెట్టకముందే చెప్పాలి, వాళ్ళు ఆ రోజుకు వాయిదా వేస్తే నొచ్చుకోకూడదు. లోరాజెపామ్ వంటి నిద్రమాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి, కానీ మీ అంతట మీరు ఆపకండి. సిట్టింగులు ఉన్న రోజుల వరకు రాత్రి కాపలాకు ఇంకొకరిని పెట్టుకోవడం కుదురుతుందా?

కావలి అక్క:

మా చిన్నాన్న కొడుకు ఉంటానన్నాడు. రేపటి నుంచి పొద్దుటి సిట్టింగును పదకొండు గంటలకు మార్చమని కూడా అడుగుతాను. మొదటి రోజు చెయ్యి బిగించి ఉన్న సంగతి చెప్పి, ఆ అంకెను మరొకసారి కొలవమంటాను.